నిలువెత్తు నరాల పలక: బరంపురం ప్రాజెక్టు డైరీ

రథయాత్ర వారం

ప్లైవుడ్ పలక వచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దీని మీద మెదడు, వెన్నుపాము, ఒళ్లంతా పాకే నరాలు అసలు కొలతల్లో, పట్టు పోగులతో వెయ్యాలి.

నేను ఫిజియోథెరపీ చేసేది బరంపురంలో, మగ్గాల వీధుల మధ్య. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దేరావాళ్లని ఊరంతా పిలిచే దేవాంగులే. బడిలో ఒడియా, బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. నేనూ ఆ ఇళ్లలో పుట్టినదాన్నే. ఇక్కడ అందరికీ ఒక అలవాటుంది. చిటికెన వేలు మొద్దుబారితే వేలికే తైలం రాస్తారు. మడమ మండితే మడమకే బామ్ పూస్తారు. నరం నలిగే చోటు ఒకటి, అది తెలిసే చోటు ఇంకొకటి అని నోటితో చెబితే తలూపుతారు, ఇంటికెళ్లి మళ్లీ వేలికే రాసుకుంటారు. పుస్తకంలో అరచేతంత బొమ్మ చూపించినా అంతే. నిలువెత్తు మనిషి బొమ్మ ముందు నిలబెట్టి, మెడ దగ్గర వేలు పెట్టించి, పోగు వెంట చిటికెన వేలి చివరిదాకా నడిపిస్తే అప్పుడు నమ్ముతారు. ఆ నమ్మకం కోసమే ఈ పని మొదలుపెట్టాను.

పలకకి రెండు ముఖాలూ వాడతాను. ఒకవైపు మనిషి వీపు మనకి కనిపిస్తుంది: వెన్నుపాము, చేతుల నరాలు, కాళ్ల నరాలు అక్కడ. రెండోవైపు మనిషి మనకి ఎదురుగా ఉంటాడు: గొంతుకీ గుండెకీ పొట్టకీ దిగే నరాలు అక్కడ. మేనల్లుడు పలక మీద బోర్లా పడుకుంటే పెన్సిల్‌తో చుట్టూ గీశాం. వాడి ఎత్తు 165 సెంటీమీటర్లు. అరచేతులు పైకి తిప్పించాను, మోచేతి వెనక గాడీ అరచెయ్యీ ఒకే ముఖం మీద కనిపించాలని.

పోగులు కొనలేదు. చీర దించాక పడుగు చివర మిగిలిపోయే పట్టు మా చిన్నాన్న ఇంట్లో సంచీలకొద్దీ ఉంది. మెదడు నుంచి కండరానికి హుకుం మోసే పోగులన్నీ ఎరుపు. చర్మం నుంచి మెదడుకి కబురు తెచ్చేవన్నీ పసుపు. మన ప్రమేయం లేకుండా గుండె, పేగు, చెమట చూసుకునేవి ఆకుపచ్చ. ఈ మూడు రంగుల పద్ధతి చివరిదాకా మార్చకూడదని గోడ మీద రాసి పెట్టుకున్నాను.

శ్రావణం మొదట్లో: వెన్ను

పూసలకి ఏం వాడాలా అని చాలా ఆలోచించాను. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల చేత చేయిస్తే అద్భుతంగా వస్తాయి. వాళ్లు పశువుల కొమ్ముతో కొంగల్నీ రొయ్యల్నీ చెక్కే తీరు చూసినవాళ్లకి తెలుసు. కానీ నా సంచీలో అంత డబ్బు లేదు. చిన్నాన్న అటక మీద పాత కర్ర బాబిన్లు బస్తాడు ఉన్నాయి, వాటికి నడుమ ఎలాగూ బెజ్జం ఉంటుంది. వడ్రంగి వాటిని బిళ్లలుగా కోసి, వెనక భాగం తెరిచి ఇచ్చాడు. మెడకి 7, ఛాతీకి 12, నడుముకి 5 బిళ్లలు వరసగా అంటించాను. కింద త్రికాస్థికీ తోక ఎముకకీ ఒక ముక్క చెక్కించాను. వరస మొత్తం 70 సెంటీమీటర్లు వచ్చింది, పెద్ద మనిషి వెన్నెముక కూడా దాదాపు అంతే.

ఆ బెజ్జాల్లో పడుకోబెట్టాల్సిన వెన్నుపాము మాత్రం 45 సెంటీమీటర్లే. నూలు తాడుకి తెల్ల పట్టు చుట్టి, చిటికెన వేలి మందాన చేశాను. చేతుల నరాలు బయల్దేరే మెడ దగ్గరా, కాళ్ల నరాలు బయల్దేరే దిగువనా కాస్త లావు చేశాను. అసలు వెన్నుపాము కూడా ఆ రెండు చోట్లే ఉబ్బి ఉంటుంది, చేతులకీ కాళ్లకీ కావలసిన కణాలు అక్కడ ఎక్కువ కాబట్టి. తాడు చివర మొదటి నడుము పూసకీ రెండో పూసకీ మధ్య ఆగిపోయింది. కింద బిళ్లలన్నీ ఖాళీ.

పక్కింటి పెద్దమ్మ అది చూసి, "తాడు చాల్లేదేటమ్మా?" అంది.

చాలింది. తల్లి కడుపులో మూడో నెలలో వెన్నుపాము, వెన్నెముక ఒకే పొడవు. తరవాత ఎముక వేగంగా పెరుగుతుంది, పాము వెనకబడుతుంది. పుట్టేసరికి దాని చివర మూడో నడుము పూస దగ్గరికి చేరుతుంది, పెద్దయ్యాక ఇంకా పైకి. నరాలు మాత్రం మొదట ఏ పూస సందులోంచి బయటికి వచ్చాయో ఆ సందునే పట్టుకుని ఉంటాయి. అందుకని దిగువ నరాలు వెన్నుపాము చివర నుంచి బయల్దేరి, తమ తమ సందుల కోసం ఎముకల లోపలే జానెడు దూరం కిందికి దిగాలి. ఆ కట్టకి అనాటమీలో గుర్రపుతోక అని పేరు.

ఆ ఖాళీ చూపించి పెద్దమ్మకి ఇంకో మాట చెప్పాను. సిజేరియన్ రోజు నడుములో ఇచ్చిన సూది వల్లే జీవితాంతం నడుం నొప్పి అని మా వీధిలో ప్రతి ఆడమనిషీ అంటుంది. ఆ సూది మామూలుగా మూడో నడుము పూసకీ నాలుగో పూసకీ మధ్య దిగుతుంది. అక్కడ వెన్నుపాము లేదు. నీళ్లలో తేలే నరాల పోగులున్నాయి, సూది వస్తే అవి పక్కకి జరుగుతాయి. పెద్దమ్మ తన నడుం మీద చెయ్యి పెట్టుకుని, పలక మీద ఆ సందు ఎక్కడుందో చాలాసేపు వెతుక్కుంది. కోడలికి చూపిస్తానని మర్నాడు తీసుకొచ్చింది కూడా.

వెన్నుపాము నుంచి బయటికి వచ్చే నరాల జతలు: మెడ నుంచి 8, ఛాతీ నుంచి 12, నడుము నుంచి 5, త్రికాస్థి నుంచి 5, తోక నుంచి 1. మొత్తం 31. మెడ పూసలు ఏడే అయినా నరాలు ఎనిమిది జతలు, ఎందుకంటే మొదటిది పుర్రెకీ మొదటి పూసకీ మధ్య నుంచే వచ్చేస్తుంది. ప్రతి నరానికీ వెన్నుపాము దగ్గర రెండు వేర్లు పెట్టాను, వెనక వేరు పసుపు, ముందు వేరు ఎరుపు. వెనక వేరు మీద చిన్న పసుపు ముడి, కబురు తెచ్చే కణాల అసలు ఒళ్లు ఉండేది ఆ ముడిలోనే. ముందు వేర్లు కదలికకి, వెనక వేర్లు స్పర్శకి అని 1822లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా మజాండీ కుక్కపిల్లల మీద ప్రయోగం చేసి తేల్చాడు. దానికి ముందు 1811లోనే స్కాట్లండు వైద్యుడు చార్లెస్ బెల్ ముందు వేర్ల సంగతి గమనించాడు. ఆ కుక్కపిల్లల బాధ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అయినా ఈ రోజు ఒక రోగి కాలు లేపలేకపోతున్నాడా, లేక కాలు తెలియడం లేదా అని నేను వేరు వేరుగా పరీక్ష చెయ్యగలుగుతున్నది ఆ జ్ఞానంతోనే.

శ్రావణ శుక్రవారాల నడుమ: భుజం అల్లిక

ఈ పనికి చిన్నాన్నని కూచోబెట్టాను. ఆయన గుంట మగ్గం మీద బతుకంతా గడిపినవాడు. పోగుని పోగులో కలపడం, ఒక పోగుని రెండుగా చీల్చడం ఆయన వేళ్లకి తెలిసినంత నాకు తెలీదు.

మెడ కింది నాలుగు నరాలు, ఛాతీ మొదటి నరం: సి5, సి6, సి7, సి8, టి1. ఈ ఐదూ నేరుగా చేతికి వెళ్లవు. సి5, సి6 కలిసి పై బోదె అవుతాయి. సి7 ఒక్కటే నడిమి బోదె. సి8, టి1 కలిసి కింది బోదె. మళ్లీ మూడు బోదెలూ ఒక్కోటి ముందుకీ వెనక్కీ రెండుగా చీలతాయి. వెనక చీలికలు మూడూ కలిసి ఒక తాడు. పై రెండు బోదెల ముందు చీలికలు కలిసి ఇంకో తాడు. కింది బోదె ముందు చీలిక ఒంటరిగా మూడో తాడు. ఆ మూడు తాళ్ల నుంచి చేతి నరాలు ఐదు పుడతాయి. నేను కాగితం మీద గీసిస్తే చిన్నాన్న వేళ్లకి బూడిద అద్దుకుని, పోగులు పురి విప్పి, కలిపి, మళ్లీ పురి పెట్టుకుంటూ పోయాడు.

"ఇన్ని అతుకులెందుకే తల్లీ, నేరుగా ఎల్తే సరిపోదా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు ఆయన చేతిలోనే ఉంది. కలిపి చీల్చడం వల్ల ఒక్కో చేతి నరంలో రెండు మూడు మెడ నరాల పోగులు ఉంటాయి, ఒక్కో కండరానికీ ఒకటికి మించిన మెడ నరాల నుంచి హుకుం అందుతుంది. మెడలో ఒక వేరు నలిగినంత మాత్రాన ఒక కండరం పూర్తిగా చచ్చిపోవడం అరుదు. బలం తగ్గుతుంది, పని సాగుతుంది.

పోగులు మోచేతికి చేరాయి. మూడో తాడు నుంచి దిగే అల్నార్ నరం మోచేతి లోపలివైపు ఎముక బొడిపె వెనక గాడిలోంచి పోతుంది. అక్కడ దాని మీద కండ లేదు, కొవ్వు లేదు. చర్మం కింద ఎముక మీద పడుకుని ఉంటుంది. మోచెయ్యి గోడకి తగిలితే జివ్వుమని చిటికెన వేలిదాకా పాకేది అదే. అక్కడి నుంచి మణికట్టు దాటి చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో చిటికెన వేలివైపు సగానికీ వెళ్లి ఆగుతుంది.

చిన్నాన్న పోగు అంటిస్తూ ఆగిపోయాడు. తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. ఆ చిటికెన వేలు ఏడాదిగా మొద్దుగా ఉందని, తైలం రాస్తున్నానని అప్పుడు చెప్పాడు.

చెయ్యి బల్ల మీద పెట్టించాను. కళ్లు మూసుకోమన్నాను. ఒంటి పట్టు పోగు తీసుకుని ఉంగరం వేలి మీద గీశాను. నడిమి వేలివైపు అంచున గీస్తే "ఆఁ" అన్నాడు. చిటికెన వేలివైపు అంచున గీస్తే ఏమీ అనలేదు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. ఒకే వేలు నిలువునా రెండుగా విడిపోయింది, సగానికి తెలుస్తోంది, సగానికి తెలీడం లేదు. మెడలో సి8 వేరు నలిగితే ఉంగరం వేలు ఇలా నిలువునా చీలదు, రెండు అంచులూ మందగిస్తాయి. చీలిందంటే తప్పు మెడ దాటాక, నరం వేరు పడిన తరవాత జరిగింది. తరవాత జకార్డు అట్ట ముక్క ఒకటి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఇరికించి పట్టుకోమని లాగాను. కుడిచేత్తో బొటనవేలు తిన్నగా ఉంచి గట్టిగా పట్టాడు. ఎడమచేత్తో పట్టాలంటే బొటనవేలి కణుపు వంగిపోయింది, ఆ వేలిని చూపుడు వేలికి అదిమే కండరం అల్నార్ నరానిదే గనక. ఈ పరీక్షకి ఫ్రెంచి వైద్యుడు ఫ్రోమాన్ పేరుంది.

మగ్గం దగ్గరికెళ్లి చూశాను. కుడిచేత్తో నాడె తాడు లాగుతున్నంతసేపూ ఆయన ఎడమ మోచెయ్యి మడిచి మగ్గం కర్ర మీద ఆన్చి ఉంటుంది. రాత్రి పడుకున్నప్పుడు ఆ చెయ్యే మడిచి తల కింద పెట్టుకుంటాడు. మోచెయ్యి మడిచినప్పుడు గాడిలో నరం సాగి, దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. కర్రకి మెత్తగా గుడ్డ చుట్టాం. రాత్రి మోచేతికి తువ్వాలు చుట్టి కడుతున్నాడు, మడత పడకుండా. నరం ఎంత వేగంగా మోస్తోందో కొలిచే పరీక్షకి పెద్దాసుపత్రికి చీటీ రాశాను. తైలం సీసా కూడా తీసేశాడు, నేను చెప్పకుండానే. పలక మీద తన చేత్తో అంటించిన పోగు ఎటు పోతోందో ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

వినాయక చవితి ముందు: కాళ్లు, ముడి లేని పోగు

పిరుదుల కిందుగా దిగే సయాటిక్ నరం ఒంట్లోకెల్లా లావైనది. నడుము నాలుగో నరం (ఎల్4) నుంచి త్రికాస్థి మూడో నరం (ఎస్3) దాకా ఐదు నరాల పోగులు కలుస్తాయి, రెండు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. మోకాలి వెనక రెండుగా చీలుతుంది. అందులో ఒకటి మోకాలి బయటివైపు సన్న ఎముక మెడ చుట్టూ చర్మం కిందే తిరుగుతుంది. గంటలకొద్దీ గొంతుక్కూచుని పనిచేసేవాళ్లకీ, కాలు మీద కాలు వేసుకు కూచునేవాళ్లకీ పాదం జారిపోయేది అక్కడ నలిగితేనే. కుష్టు వ్యాధి మొదట పట్టుకునే నరాల్లో ఇదొకటి, మోచేతి అల్నార్ ఇంకొకటి. రెండూ ఒంట్లో చల్లగా ఉండే చోట్లు, చర్మానికి దగ్గర. వేలితో తడిమితే లావుగా తగులుతాయి. స్పర్శ లేని తెల్లమచ్చ, తాడులా తగిలే నరం కనిపిస్తే ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితంగా ఇస్తారు, నయమవుతుంది. ఆ రెండు చోట్లా పలక మీద నల్ల చుక్క పెట్టాను.

నేతవాళ్ల పిరుదు నొప్పి అంతా సయాటికా కాదు. గట్టి పలక మీద రోజంతా కూచుంటే కూర్చునే ఎముక కింద ఉండే చిన్న ద్రవపు సంచి వాచి నొప్పెడుతుంది. ఇంగ్లండు వైద్యులు దీనికి నేతగాళ్ల పేరే పెట్టారు, వీవర్స్ బాటమ్ అని. దానికి మెత్త చాలు.

ఇక ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పోగు. కాలి బొటనవేలి చర్మం మీద ఏదైనా మెత్తగా తగిలితే ఆ కబురు మోసే కణం ఒక్కటే. దాని ఒళ్లు నడుము దగ్గర పసుపు ముడిలో ఉంటుంది, ఒక చెయ్యి బొటనవేలిదాకా, ఇంకో చెయ్యి వెన్నుపాము వెనక భాగం గుండా మెదడు అడుగున ఉండే మజ్జాముఖం దాకా. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. మేనల్లుడి కొలతలో దాదాపు మీటరున్నర. ఒకే ఒక్క జీవకణం! చిన్నాన్న చిలప నుంచి ముడి లేని పోగు ఏరడానికి ఓ పూట పట్టింది. తెగినది వద్దు, అతికినది వద్దు అని ఆయనే పట్టుబట్టాడు.

దాని పక్కనే నొప్పి పోగు వేశాను. అది వెన్నుపాము చేరగానే ఆగి, ఇంకో పోగుకి కబురందించి, అక్కడే రెండోవైపుకి దాటుతుంది. మెత్తని స్పర్శ అదేవైపు పైకెక్కి మజ్జాముఖంలో గానీ దాటదు. అంచేత వెన్నుపాము ఒకవైపు సగం తెగితే, తెగినచోటుకి కింద అదేవైపు కాలికి బలం పోతుంది, మెత్తని స్పర్శ పోతుంది, రెండో కాలికి నొప్పీ వేడీ తెలియకుండా పోతాయి. కాలేజీలో ఇది బట్టీ పట్టినప్పుడు ఎంత తికమకపడేవాళ్లమో! పలక మీద కత్తెర ఆన్చి చూపిస్తే పదో తరగతి పిల్లలు తామే చెప్పేశారు.

పిల్లలకి ఇంకోటి కూడా చూపించాను. గుమ్మానికి కాలి వేలు కొట్టుకుంటే ముందు చురుక్కుమంటుంది. ఓ క్షణం ఆగి, మంటలాంటి నొప్పి పొంగుకొస్తుంది. మొదటిది సన్నని కొవ్వు తొడుగు, అంటే మయలిన్ ఉన్న పోగులది, సెకనుకి 5 నుంచి 30 మీటర్లు. రెండోది తొడుగు లేని పోగులది, సెకనుకి 2 మీటర్ల లోపు. కండరానికి హుకుం మోసే లావు పోగులు సెకనుకి 120 మీటర్ల దాకా పరుగెత్తుతాయి.

షుగరున్నవాళ్లకి మొద్దుదనం రెండు పాదాల్లో ఒకేసారి ఎందుకు మొదలవుతుందో కూడా ఆ పొడుగు పోగు చెబుతుంది. కణం ఒళ్లు తన పొడవంతటికీ సరుకులు పంపాలి. షుగరు ఎక్కువైతే ముందు చతికిలబడేది అందరికన్నా పొడుగైనవే. పాదాలు మొద్దుబారి, అది మోకాళ్లదాకా పాకాక గానీ సామాన్యంగా చేతి వేళ్లకి రాదు. ఒక్క పాదమే మొద్దుబారితే మాత్రం అది షుగరు పని అనుకుని ఊరుకోవద్దు, నడుము దగ్గర చూడాలి. ఇక బి12 తక్కువైనప్పుడు వెన్నుపాము వెనక భాగంలో పాడయ్యేది ఈ పసుపు పోగులే. కళ్లు మూసుకుని నిలబడితే తూలిపోతారు. రక్తపరీక్షలో లోటు కనిపించినవాళ్లకి ఆ సూది ప్రాణం లాంటిది. మోచేతి దగ్గర నలిగిన నరానికి అదే సూది వారం వారం పొడిపించుకున్నా ఒరిగేదేమీ లేదు.

దసరా సెలవులు: మెదడు

మాంసం కొట్టు నుంచి మేక తలకాయ తెప్పించి, మెదడు చెడకుండా తీయించాను. పొర తీసి సర్జికల్ స్పిరిట్‌లో కొన్నాళ్లు ఉంచితే కొయ్యడానికి వీలుగా గట్టిపడింది. చిన్నమెదడు, మజ్జాముఖం, ముందుకి పొడుచుకొచ్చిన వాసన గడ్డలు చక్కగా కనిపించాయి. మేకకి వాసన ముఖ్యం, ఆ గడ్డలు దాని మెదడు సైజుకి చాలా పెద్దవి. మనిషికి అవి నుదుటి భాగం కింద దాక్కునేంత చిన్నవి. నడిమికి కోస్తే పైన బూడిదరంగు పట్టీ, లోపల తెలుపు. మయలిన్ కొవ్వు గనక తెలుపు.

మనిషి మెదడు గుడ్డతో చేశాను. పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, విప్పి పరిస్తే దాదాపు రెండు వేల చదరపు సెంటీమీటర్ల పైన. మాసిన పట్టు చీర నుంచి 50 సెంటీమీటర్లకి 45 ముక్క కత్తిరించి, లోపల పల్చగా దూది పెట్టి కుట్టాను. ఆ గుడ్డని పుర్రె కొలతలో ఇమడ్చాలంటే మడతలు వెయ్యడం తప్ప దారి లేదు. ఇమిడాక చూస్తే గుడ్డలో మూడింట రెండు వంతులు మడతల లోపల దాగిపోయింది. పుర్రె పెరగకుండా పైపొర పెంచుకోవడానికి మెదడు చేసిన ఏర్పాటు ఇదే. లోపల ఇసుక నింపి 1,350 గ్రాములకి తూచాను. పిల్లల చేతిలో పెడితే "ఇంత బరువా!" అంటారు. ఒంటి బరువులో వందకి రెండు వంతులే, తినే ప్రాణవాయువు మాత్రం ఇరవై వంతులు. మొత్తం నాడీకణాలు సుమారు 8,600 కోట్లు, అందులో ఎక్కువ భాగం వెనక ఉన్న చిన్నమెదడులోనే.

కదలికలకి హుకుం ఇచ్చే పట్టీ మీద చెయ్యికి ఎంత చోటుందో ఎరుపు దారంతో కుట్టాను. వీపంతటికీ కలిపి ఇచ్చిన చోటు కన్నా బొటనవేలికిచ్చిన చోటే ఎక్కువ. స్పర్శ పట్టీ మీదా అంతే. జడపిన్ను రెండు మొనలూ విడదీసి పరీక్షించాం. చూపుడు వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా రెండు మొనలని తెలుస్తాయి. వీపు మీద నాలుగు సెంటీమీటర్లు ఎడం పెట్టినా ఒక్కటే అంటారు. తెగిన పోగుని చూడకుండా వేలితో పట్టుకునే నేతగాడి పనితనం ఆ పట్టీలో ఉంది.

ఎడమ నుదుటి భాగంలో, మాట పలికించే బ్రోకా ప్రాంతానికి ఒక బిళ్ల కుట్టాను. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. అన్నీ అర్థమవుతాయి, నోట మాత్రం "టాన్" అనే ఒక్క మాటే. అతను చనిపోయాక చూస్తే దెబ్బ అక్కడ ఉంది. రెండు భాషలు మాట్లాడే మా ఊరివాళ్లు ఇక్కడ తప్పకుండా అడుగుతారు, తెలుగు ఎక్కడ, ఒడియా ఎక్కడ అని. రెండింటికీ చాలావరకు చోటు ఒకటే. పక్షవాతం తరవాత మాత్రం ఒక్కోసారి ఒక భాష ముందు తిరిగొస్తుంది, రెండోది వెనక. అందుకే ఇంట్లోవాళ్లని రెండు భాషల్లోనూ పలకరిస్తూ ఉండమంటాను.

మెదడు నుంచి దిగిన ఎర్ర పోగుల్లో పదింటికి తొమ్మిది వంతులు మజ్జాముఖం అడుగున ఎదుటివైపుకి దాటిస్తే ఈ భాగం అయిపోయింది. ఎడమ మెదడులో రక్తం గడ్డ కడితే కుడి చెయ్యి పడిపోయేది ఆ దాటుడు వల్లే. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దయినా నాటు మందుకీ నూనె మర్దనకీ కాకుండా నేరుగా ఎంకేసీజీ పెద్దాసుపత్రికి పరుగెత్తమని పలక పక్కన పెద్ద అక్షరాలతో ఒడియాలోనూ తెలుగులోనూ రాశాను. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది. నా దగ్గరికి రావలసింది ఆ తరవాత.

కార్తీకం: రెండో ముఖం

ఛాతీ నరాలు తేలిక, పక్కటెముకల సందుల వెంట పట్టీల్లా ముందుకి తిరుగుతాయి. బొడ్డు దగ్గరికి వచ్చేది టి10. సర్పి ఇక్కడ అర్థమవుతుంది. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ వెనక వేరు ముడిలో దాగి ఉండి, ఏళ్ల తరవాత ఒక్క నరం వెంట పొక్కుతుంది. చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే మనిషి పోతాడని మా నాయనమ్మ భయపడేది. ఆ నరం ఒకవైపుది, ఛాతీ నడిమి గీత దగ్గర దాని పొలిమేర. పొక్కులు అక్కడ ఆగేది అందుకే. పొక్కిన మూడు రోజుల్లో డాక్టరు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

వేగస్ నరం ఆకుపచ్చ పోగుతో మెదడు అడుగు నుంచి గొంతు, గుండె, పొట్ట దాకా దించాను. ఎడమవైపు దాని కొమ్మ ఒకటి గొంతు పక్కనుంచే దిగిపోయి, గుండె పైన మహాధమని వంపు కింద మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కి స్వరపేటికకి చేరుతుంది. కుడివైపుది అంత కిందికి దిగదు, భుజానికి పోయే ధమని కిందే తిరుగుతుంది. వారాల తరబడి గొంతు బొంగురు పోతే ఛాతీ ఎక్స్‌రే ఎందుకు తీస్తారో ఆ పోగు వంక చూస్తే చాలు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం పొర నరం కూడా అంతే, మెడలో సి3, సి4, సి5 దగ్గర పుట్టి ఛాతీ అంతా దాటుకుని వస్తుంది. కాలేయం పైన చీము పట్టినవాళ్లకి కుడి భుజం కొస నొప్పెట్టేది ఆ దారినే.

ఇంకా సింపథెటిక్ గొలుసు, అంటే మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల వరస, వెయ్యాలి, వెన్నెముకకి రెండు పక్కలా. ముఖం నరం కొమ్మలు ఐదూ చెంప మీద అంటించాలి. పేగుల గోడల్లోని నరాలు ఈ పలక మీద పట్టవు, వాటికి వేరే ముక్క చెయ్యాలి. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, మళ్లీ వచ్చేసరికి దేశి బెహెరా వీధి దగ్గర, జనం నడిచే దారిలో నిలబెట్టాలని చిన్నాన్న కోరిక.

దానికి ముందే ఒక పని ముగించాను. గుర్రపుతోక కట్టలోంచి ఎస్2, ఎస్3, ఎస్4 పోగుల్ని తొడల లోపలివైపుకీ కూచునే చోటుకీ మూత్రాశయానికీ నడిపించి, వాటికి మాత్రం జరీ చుట్టాను, దూరానికి కూడా కనిపించేలా. నడుం నొప్పితో పాటు కూచునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా అది ఆ పోగులన్నీ ఒకేసారి నలుగుతున్న లక్షణం. అదే రోజు ఆపరేషన్ చేసేచోటికి వెళ్లాలి. ఆడవాళ్లు ఈ మాట సిగ్గుపడి చెప్పరు. అందుకని పెద్దమ్మకి నేర్పించాను. జరీ పోగు ముందుకి ఆడవాళ్లని తీసుకెళ్లి చెప్పే పని ఇప్పుడు ఆమెదే.